మంగళవారం తీసిన రక్తం

అది 2019 నవంబరు. కోనసీమలో ఒక పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. సర్వీసులో ముప్ఫై నాలుగో ఏడు. ఊరి పేరు రాయను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. లంక గ్రామాల నుంచి రక్తం శాంపిళ్లు మంగళవారమే రావాలి. పశువుకు ఏ రోజు జబ్బు చేసినా రక్తం మాత్రం మంగళవారమే తీసేవారు. ఎందుకని అడిగితే సర్క్యులర్ అనేవారు. ముప్ఫై నాలుగేళ్లలో ఆ సర్క్యులర్ నా కంట పడలేదు.

5వ తేదీన ఒక లంక నుంచి గేదె రక్తం వచ్చింది. ఏడు నెలల చూడి గేదె. జ్వరం వచ్చిపోతోంది, ఒళ్లు తగ్గిపోతోంది, కట్టుకొయ్య చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది, గోడకు తల ఆనించి నిలబడుతోంది. శాంపిల్‌తో వచ్చిన చీటీ అడుగున అక్కడి కాంపౌండర్ ఇంకో ముక్క రాశాడు: ‘శుక్రవారాల్లో ఎక్కువంట.’ మా డాక్టరు గారు అది పైకి చదివి, “అమ్మవారు పూనుతోందేమో, పసుపూ కుంకుమా పెట్టమనండి” అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ లక్షణాలకు ముందు అనుమానించాల్సింది సర్రా. ట్రిపనోసోమా అనే పరాన్నజీవి రక్తంలో చేరి తెచ్చే జబ్బు. జోరీగ ఒక పశువును కుట్టి, వెంటనే మరో పశువును కుడితే అంటుకుంటుంది. దీన్ని పట్టడానికి వెట్ ఫిల్మ్ చేస్తాం. అంటే అప్పుడే తీసిన రక్తపు చుక్కను గాజుపలక మీద వేసి మైక్రోస్కోప్ కింద చూడడం. పురుగు ఉంటే ఎర్రకణాలను తోసుకుంటూ ఈదుతుంది. అయితే జ్వరం ఎక్కినప్పుడే అది రక్తంలో బాగా ఉంటుంది. జ్వరం దిగితే కంటికి దొరకడం కష్టం. ఇది నాకు తెలుసు. డాక్టరు గారికి ఇంకా బాగా తెలుసు.

5న నెగెటివ్ రాశాను. 12న నెగెటివ్. 19న నెగెటివ్. మూడింటి కిందా సంతకం నాదే.

20న, బుధవారం, ఆ గేదె గలావిడ వీరవేణి పడవలో ఏరు దాటి, ఆటో మారి స్వయంగా వచ్చింది.

“ఏ జబ్బూ లేదన్నారంట కదండీ. మా మావగారు చేతబడి అంటన్నారండి. ఆదివారం కబేళాకి తోలేవోడు వత్తాడండి. ఇంట్లో ఉన్నది అదొక్కటేనండి.”

“జ్వరం ఏ రోజు వస్తోందమ్మా?”

“శుక్రవారం అని చీటీలో రాయించేను కదండీ. మీరు చదవలేదేటండి?”

“రోజు అంత కచ్చితంగా ఎలా తెలుసు?” అన్నాను.

“ఆ పూట పాలు తగ్గిపోతాయండి. కావాలంటే చూడండి.” సంచిలోంచి పాలకేంద్రం పుస్తకం తీసింది.

పూటపూటా పోసిన పాలు అందులో ఉన్నాయి. మామూలుగా పూటకు రెండు లీటర్లు. అక్టోబరు 25న అర లీటరు. నవంబరు 1న అర. 7న ముప్పావు, అది గురువారం. 15న పావు. మధ్య రోజుల్లో మళ్లీ రెండుకు దగ్గరగా. మధ్య ఎడం ఏడు రోజులు, ఆరు, ఎనిమిది. జ్వరం వారానికోసారి వస్తోంది. ప్రతిసారీ అది వచ్చిన నాలుగైదు రోజులకు, తీరిగ్గా, మేం రక్తం తీశాం.

పుస్తకం పట్టుకుని డాక్టరు గారి గదికి వెళ్లాను. “శుక్రవారం నేను లంకకు వెళ్తానండి.”

“మీరు ల్యాబ్ మనిషి సుబ్బలక్ష్మి గారూ. మంగళవారం మళ్లీ తెప్పిద్దాం లెండి.”

“ఆదివారం కబేళాకి పోతోందండి. మంగళవారం మీకు మాంసం తెప్పించాలి.”

“కోపం దేనికండీ? పద్ధతి కదా.”

సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

22న పాత మైక్రోస్కోప్‌ను తువ్వాలులో చుట్టి తీసుకెళ్లాను. దానికి కరెంటు అక్కర్లేదు, కింద అద్దం ఎండను పట్టుకుంటుంది. గేదెకు జ్వరం 105.2. చెవి కొస నుంచి చుక్క తీసి, వసారాలో బల్ల మీద పెట్టి చూశాను. వెతకాల్సిన పనే లేకపోయింది. పలక ఎటు జరిపినా రెండు మూడు పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. వీరవేణి మామగారిని పిలిచి చూపించాను.

“ఇయ్యేటండీ, పాంపిల్లల్లాగున్నాయి?”

“మీరన్న చేతబడి ఇదేనండి. దీనికి ఇంజెక్షన్ ఉంది.”

“మరిన్నాళ్లూ మీవోళ్లకి కనపడలేదేటండి?”

“చూడాల్సిన రోజున చూడలేదండి.”

ఆ మాట అడిగే హక్కు ఆయనకుంది.

ఫోన్ చేస్తే డాక్టరు గారు సాయంత్రానికల్లా మందు పంపారు. క్వినాపైరమిన్, చర్మం కింద ఇస్తారు. ఆదివారం వచ్చిన బేరగాడిని మామగారే తిప్పి పంపేశారు. జ్వరం మళ్లీ రాలేదు. కానీ 30న గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన పెయ్యదూడ.

“తల్లి దక్కిందండి, మీరు రాబట్టేనండి” అంది వీరవేణి ఫోన్లో. ఆ మాట వినలేకపోయాను. మొదటి చీటీ అందిన 5 నుంచి 22 వరకు పదిహేడు రోజులు. ముందే మందు పడితే దూడ కచ్చితంగా బతికేదని రాయను. బతికే వీలును మేం మూడు మంగళవారాలు కాలరాశాం.

తర్వాత జరిగిన శాఖ సమావేశంలో మా ల్యాబ్ సర్రాను పట్టిందని డాక్టరు గారు చెప్పుకున్నారు. నేను రిజిస్టరు తీసి, మూడు నెగెటివ్‌ల పక్కనా ఎర్ర సిరాతో ‘జ్వరం లేనప్పుడు తీసిన రక్తం, పనికిరాదు’ అని రాసి సంతకం పెట్టాను.

“రిజిస్టరు పాడుచేశారండీ” అన్నారాయన.

“ఆయ్, అవునండి” అన్నాను. మెమో ఇచ్చారు. తీసుకున్నాను.

రిటైరయ్యే వరకు, తీసేటప్పటి టెంపరేచర్ రాయని శాంపిల్ నేను తీసుకోలేదు. మంగళవారం పద్ధతి మాత్రం నేను దిగిపోయే రోజు వరకూ మారలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది ఒక్కటే. గేదెకు అమ్మవారు పూనిందని రైతు చెబితే నవ్వుకోండి, మీ ఇష్టం. కానీ ఏ రోజు పూనిందో అడిగి రాసుకుని, ఆ రోజుకి సూది పట్టుకుని అక్కడ ఉండండి.