నూనె పసుపూ, ప్రింటరు కొక్కెమూ

2003లో అనకాపల్లి దగ్గరి ఒక చక్కెర మిల్లు కంప్యూటర్ విభాగంలో నన్ను మెయింటెనెన్స్ ఇంజినీరుగా వేశారు. చెరకు తూకం చీటీలు అచ్చువేసే లైన్ ప్రింటరు నా బాధ్యత. వరుస మొత్తాన్ని ఒక్క దెబ్బలో కొట్టే పాతకాలపు యంత్రమది. దాన్ని చేసిన కంపెనీ విడిభాగాలు అమ్మడం ఎప్పుడో మానేసింది.

ఆ ఏడు ఆయుధపూజ అయిన వారంలోపే, కాగితం అంచుల్ని నొక్కిపట్టే మూతల ప్లాస్టిక్ కొక్కేలు రెండూ విరిగాయి. అంతకుముందు ఏడాది కూడా పూజ తరవాతే ఒకటి విరిగిందట. రెండుసార్లూ ప్రింటరుకు పసుపు పూసింది ఆపరేటరు వరలక్ష్మి. ఆమెకు భర్త లేడు. ఇంకేం కావాలి, మిల్లుకు నేరస్థురాలు దొరికింది.

"ఆయమ్మ సేత్తో పసుపు ఎట్టించొద్దని అప్పుడే సెప్పేను బావా," అన్నాడు ఫోర్‌మన్ అప్పలనాయుడు. మేనేజరుకు ఇంజినీరింగ్ పట్టా ఉంది. అయినా ఆమెను గోడౌనుకు మార్చే ఉత్తర్వు ఆయనే తయారుచేయించాడు. వరలక్ష్మి నా దగ్గరకొచ్చి, "గోడౌనుకెళ్ళిపోతానండి. నా సెయ్యి తగిలి ఇరిగిందని మాత్రం అందులో రాయొద్దనండి," అంది.

చెరకు క్రషింగ్ సీజను మొదలయ్యేదాకా ఉత్తర్వు ఆపేలా మేనేజరును ఒప్పించాను.

విరిగిన కొక్కేన్ని అతికించి, దంతాల ల్యాబు నడిపే జబ్బార్ దగ్గర రబ్బరు అచ్చు తీయించాను. కట్టుడుపళ్ళ చిగుళ్ళకు వాడే ఆక్రిలిక్ అందులో పోశాం. మొదటిది బిగించగానే పుటుక్కుమంది. లోపలి మూల పదునుగా ఉంటే ఒత్తిడంతా అక్కడికే చేరుతుంది. ఆ మూలను మైనంతో గుండ్రంగా నింపి, కొత్త అచ్చు తీసి మళ్ళీ పోశాం. ఈసారి నిలిచింది.

ఆ గులాబీ రంగు కొక్కేలు చూసి, "పింటరుకి పళ్ళసెట్టు కట్టించేవేటి బావా!" అని నాయుడు పడీపడీ నవ్వాడు. వెంటనే, "ఆయమ్మ కూకుంటే ఇయ్యీ ఇరుగుతాయి," అన్నాడు. మేనేజరుదీ అదే మాట.

నా అనుమానం పసుపు మీద. నీళ్ళతో కలిపితే ఇనుముకు అంటదని మా మిల్లులో నువ్వులనూనెతో కలిపేవారు. చెరకు పిండే రోలర్లకు దానివల్ల నష్టం లేదు. కానీ బిగుతులో ఉన్న కొన్ని రకాల ప్లాస్టిక్‌కు నూనె తగిలితే సన్నని పగుళ్ళు పుడతాయి. కొక్కేల ప్లాస్టిక్‌తోనే చేసిన, పక్కన పడేసిన పాత మూత నుంచి రెండు ముక్కలు కోసి, విల్లులా వంచి తీగతో కట్టాను. ఒకదానికి నూనె పసుపు పూయమన్నాను. అందరి ముందూ పూసింది అప్పలనాయుడే. రెండింటినీ మేనేజరు బీరువాలో పెట్టి తాళం వేశాం. మర్నాడు తెరిస్తే పసుపు ముక్క రెండుగా విరిగి ఉంది. వట్టి ముక్క వంచినట్టే ఉంది.

"మరి నీ సెయ్యి మంచిదేనేటి, నాయుడు మామా?" అంది వరలక్ష్మి.

నాయుడు ముక్కను తిప్పి తిప్పి చూశాడు. "ఓలమ్మో! నూనా ఇంత పని సేసింది?" అన్నాడు. ఉత్తర్వు రద్దయింది. ఆ సీజను చీటీలన్నీ వరలక్ష్మే తీసింది.

విరిగిన భాగాన్ని మళ్ళీ పోయడం సగం పనే. ఎందుకు విరిగిందో తేల్చనివాడు మళ్ళీ విరిగేదాన్నే పోస్తాడు. కారణం వెతకడానికి బద్ధకించినచోట జనం దోషిని వెతుకుతారు. అలా వెతికితే దొరికేది ఎదురు చెప్పలేని మనిషే.