యోగా పరీక్షకు ముందు నేను పట్టుకున్న దొంగ

నాకు మనుషులతో పరిచయం తర్వాత అవుతుంది, వాళ్ళ మీద అనుమానం ముందు పుడుతుంది. మా అమ్మ దీన్ని జబ్బు అనేది. నేను జాగ్రత్త అనుకునేదాన్ని. యోగా టీచరు సర్టిఫికెట్ కోర్సు కరపత్రం చేతికి వచ్చినప్పుడు నేను మొదట చూసింది ఫీజూ కాదు, వేళలూ కాదు. అడుగున ప్రెస్సు పేరు ఉందా లేదా అని చూశాను. ప్రెస్సు పేరు లేని కాగితాన్ని నమ్మకూడదని నాకెవరూ చెప్పలేదు, నాకే తోచింది.

డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వరంగల్లులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు ఏ వేలు ఏ అక్షరం మీద పెట్టాలో నేర్పేదాన్ని. పది గంటలకు మట్టెవాడలో చీరల దుకాణం. వచ్చిన ఆడవాళ్ళకు చీరలు విప్పి చూపించాలి, వాళ్ళు కొనకుండా లేచిపోతే మళ్ళీ మడతపెట్టాలి. ఆ పనికి దుకాణంలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. రోజంతా వంగి లేచి, వంగి లేచి, ఇరవై ఎనిమిదేళ్ళకే నడుము పట్టేసింది. దవాఖాన మందులతో తగ్గలేదు. అక్కడి నర్సే ఎవరూ వినకుండా, ఆసనాలు వేసి చూడమంది. ఎవరూ వినకుండా ఎందుకు చెప్పిందా అని దాని మీద కూడా రెండు రోజులు ఆలోచించాను.

మేం క్రైస్తవులం. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. నేను యోగా నేర్చుకుంటానంటే అమ్మ బైబిలు మూసి, కళ్ళజోడు తీసి, "అండ్ల దేవుళ్ళకు మొక్కుడు ఉంటదా బిడ్డా?" అని ఒక్క మాట అడిగింది. ఒంటికి కసరత్తు అంతే అన్నాను. అమ్మ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది.

క్లాసు పొద్దున ఐదున్నరకు, మా ఇంటికి దగ్గర్లోనే ఒక స్కూలు హాల్లో జరిగేది. నేర్పేది రైల్వేలో పనిచేసి రిటైరైన సారు. ఆయన మీద నాకున్న అనుమానాలకు లెక్కలేదు. ఆయన ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుందా, సీలు ఎవరు వేస్తారు, పరీక్షకు హైదరాబాదు నుంచి నిజంగానే మనిషి వస్తాడా అని వారానికోసారి అడిగేదాన్ని. ఆయన విసుక్కోకుండా జవాబు చెప్పేవాడు. విసుక్కోని మనిషిని ఎలా నమ్మడమని నాకు బెంగ. మూడు నెలలకు నడుము నొప్పి పోయింది. అప్పుడు, ఇంత సులువుగా పోయిందంటే అసలు నొప్పి ఉండిందా అని అనుమానం వచ్చింది.

సూర్య నమస్కారాల దగ్గర మాత్రం ఇబ్బందిగా ఉండేది. ఒక్కో నమస్కారానికి ఒక్కో మంత్రం. నేను నోరు గట్టిగా మూసుకుని వంగేదాన్ని. సారు చూసి, "నోరు తెరువకున్నా ఫికర్ లేదమ్మా, మార్కులు నడుముకే" అన్నాడు. నా పక్కన చేసే అమ్మాయి నవ్వి, "నీ వంతు గూడ నేనే చెప్త తియ్యక్కా" అని, నా నోరు మూతపడి ఉన్నది వెనకవాళ్ళకు తెలియకుండా ఇంకాస్త గట్టిగా మంత్రం చదివేది.

ఆ అమ్మాయి మా బజారులోనే పెద్ద కిరాణా దుకాణం వాళ్ళ కోడలు. నాకంటే ఐదారేళ్ళు చిన్నది. బడిలో ఆటల్లో కప్పులు గెలిచిందట. పెళ్ళయ్యాక ఆటలు లేవు. ఇంట్లో గుడికి పోతున్నానని చెప్పి క్లాసుకు వచ్చేది. అబద్ధం అంటుకోకుండా దారిలో నిజంగానే గుడి మెట్ల దాకా వెళ్ళి, దండం పెట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చేది. ఆమె ఒంగితే నుదురు మోకాలికి అంటేది. మాకు నెలలు పట్టిన ఆసనం ఆమెకు ఒక్క వారంలో వచ్చేది. పరీక్షలో ఇద్దరిద్దరుగా జతకట్టి ఒకరికొకరు పాఠం చెప్పాలని సారు పెట్టినప్పుడు, ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

నాకు ఆ సర్టిఫికెట్ ఎందుకు కావాలో చెప్పాలి. హనుమకొండలో ఒక మిషన్ బడి హెడ్మిస్ట్రెస్ మా దుకాణంలో చీరలు కొనేది. ఒకరోజు మాటల్లో, "సర్టిఫికెట్ తే, మీ పాస్టరుగారి దగ్గర నడవడి ఉత్తరం తే. జూన్ల నిన్ను డ్రిల్లు టీచరుగ తీసుకుంట" అంది. ఉన్నది ఒక్కటే పోస్టు. రెండు కొలువులు వదిలి ఒక్క కొలువు. సాయంత్రం వెలుతురు ఉండగా ఇంటికి రావచ్చు. ఆ వారమంతా నేను చీరలు మడతపెడుతూ విజిల్ ఎలా పట్టుకోవాలో ఆలోచించాను.

పరీక్షకు మూడు వారాలుందనగా, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆగమన్నారు. అందరూ వెళ్ళాక మెల్లగా అన్నారు. "నువ్వు యోగా నేర్చుకుంటున్నవట. అండ్ల సూర్యునికి మొక్కే భాగం ఒకటి ఉందటగద. నెలాఖరుకు పరీక్షట."

"ఎవరు చెప్పిండ్రయ్యగారూ?"

"ఎవరో మనసు నొచ్చి చెప్పిండ్రు తియ్యమ్మా. ఉత్తరం సంగతి నన్ను జర ఆలోచించుకోనీ."

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని అరిచాను. "ఎవరో నా కడుపు మీద కొట్టిండ్రు. ఎవరో దొరకాలె, వాళ్ళ సంగతి చెప్త." అమ్మ పప్పు వడ్డిస్తూ, "కోపం తగ్గించుకో బిడ్డా" అంది. ఇంకో గరిటె పప్పు వేసింది.

ఎవరని వెతికాను. పరీక్ష నెలాఖరుకనీ, కొలువుకు పాస్టరుగారి ఉత్తరం కావాలనీ, రెండూ తెలిసింది ఇద్దరికే, అమ్మకూ ఆ అమ్మాయికీ. అమ్మను పక్కన పెట్టాను. ఇక ఉన్నది ఒక్కరే. పాస్టరమ్మగారు పప్పులూ ఉప్పులూ కొనేది ఎక్కడ? వాళ్ళ దుకాణంలోనే. సూర్యుడి మంత్రం దగ్గర నేను నోరు మూసుకుంటానని బాగా తెలిసింది ఎవరికి? ఆమెకే. పది రోజుల కింద, "ఆ బడిల ఒక్కరినే తీస్కుంటరా అక్కా?" అని ఎందుకడిగింది? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సోమవారం ఆమె నాతో ఎప్పటికంటే తక్కువ మాట్లాడింది. నేను మాట్లాడకపోవడం వల్లే ఆమె మాట్లాడలేదన్న ఆలోచన నాకు రానేలేదు. దొంగ దొరికిందనుకున్నాను.

మరో మనిషైతే ముఖం మీదే అడిగేసేది. నేను అడగలేదు. గురువారం ఆమె అత్తగారు రవిక గుడ్డలకు మా దుకాణానికి వచ్చింది. నేను గుడ్డ కొలుస్తూ, నవ్వుతూ, పొగడ్తలో పెట్టి చెప్పాను. "మీ కోడలు మంచిగ చేస్తది పెద్దమ్మా ఆసనాలు. మా క్లాసుల ఆమె లెక్క ఎవ్వరు చెయ్యరు."

"ఏం ఆసనాలు బిడ్డా?"

"అయ్యో, మీకు తెల్వదా? పొద్దున స్కూలు హాల్ల."

పెద్దావిడ గుడ్డ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. నాకు తృప్తిగా అనిపించింది. దాన్ని దాచడం ఎందుకు, చాలా తృప్తిగా అనిపించింది. మర్నాడు నా పక్క చాప ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. నాలుగో రోజు సారు, "ఆ అమ్మాయిని ఇంట్ల బంద్ జేసిండ్రటమ్మా, ఇగ రాదు" అన్నాడు. ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినని విసుగు వినబడింది. తర్వాత నా వైపు తిరిగి, "మరి నీకు జత ఎవరు? పాఠం చెప్పకుంటె పాసు చెయ్యరు. మిగిలినోళ్ళకు జతలు కుదిరినయి, బయట నుంచి ఎవరినన్న తెచ్చుకో" అన్నాడు.

కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలను అడిగితే సిగ్గుపడ్డారు. దుకాణానికి వచ్చే ఆడవాళ్ళను అడిగితే ఎగాదిగా చూశారు. పరీక్ష రేపనగా ఇంట్లో కంచం ముందు ఏడ్చాను. అమ్మ కాసేపు చూసి, "నేనొస్త. ముసలోళ్ళకు చెప్పొద్దని ఉందా ఏంది?" అంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చర్చిలో మోకరించడమే మానేసి రెండేళ్ళయింది. సూర్యుడు, మంత్రాలు, పాపం అని భయపడే మనిషి. ఆ మనిషి మర్నాడు ఉతికిన తెల్లచీర కట్టుకుని నా వెనకాల స్కూలు హాలుకు నడిచి వచ్చింది.

హైదరాబాదు నుంచి నిజంగానే పరీక్షకుడు వచ్చాడు. సన్నటి మనిషి, ఒళ్ళో కాగితాల కట్ట. నా వంతు రాగానే జంపఖానా మీద అమ్మను కూర్చోబెట్టాను. "మొదలుపెట్టమ్మా" అన్నాడాయన. అమ్మ చెయ్యి ఎత్తి, "జర ఆగుండ్రి సారూ, ప్రార్థన చేసుకుంట" అంది. మా వాళ్ళు ప్రార్థన మనసులో చేసుకోరు, పైకే చేస్తారు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, హాలంతా వినబడేటట్టు మొదలుపెట్టింది.

"ప్రభువా, నా బిడ్డకు తోడుండు. ఎన్ని శుక్రవారాల సందో సంచిల చీటీ ఏస్తున్న, నీకు ఎరికే. సూర్యునికి మొక్కే భాగం ఒకటి ఉందట. ఆ పాపం నా బిడ్డకు అంటనియ్యకు, అడిగేదుంటె నన్ను అడుగు. ఈ సారు మనసు మెత్తగ చెయ్యి. ఆమెన్."

మా సంఘంలో శుక్రవారం ఆడవాళ్ళ కూడికలో ఒక గుడ్డసంచి తిప్పుతారు. ఎవరి కష్టం వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తారు. పేరు రాయరు. పాస్టరమ్మగారు వాటిని చదివి ప్రార్థన చేసి చింపేస్తుంది. మనవి నెరవేరేదాకా ఆ చీటీ సంగతి ఇంట్లో కూడా చెప్పకూడదు, నెరవేరాక అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన ఆచారమే. అమ్మ చేతిరాత మా చర్చిలో తెలియనివాళ్ళు లేరన్నదీ తెలిసిందే. పాస్టరుగారు నాతో అన్న మాట అమ్మ చీటీలో మాట. పాస్టరమ్మగారు ఇంట్లో చెప్పిందాన్ని ఏ అక్షరమూ మార్చకుండా ఆయన నాకు చెప్పారు.

"ఊఁ, కానియ్యండి" అన్నాడు పరీక్షకుడు.

నేను పాఠం చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. శ్వాస మెల్లగా తీసుకోమన్నాను, నాకు ఊపిరి ఆడడం లేదు. చేతులు పైకెత్తమన్నాను, మెడ తిప్పమన్నాను. వెల్లకిలా పడుకోబెట్టి, అమ్మ మోకాలి కింద చెయ్యి పెట్టి, నొప్పి తగలనంత వరకే పొట్ట వైపు తెచ్చాను. అమ్మ కళ్ళు మూసుకుని నేను చెప్పినట్టల్లా చేసింది. ముఖంలో ఏ అనుమానమూ లేదు. పరీక్షకుడు ఏదో రాసుకుని, "ముసలివాళ్ళతో ఇంత ఓపికగా ఎవరు చెప్తారు" అన్నాడు. పాసయ్యాను.

పాస్టరుగారు ఉత్తరం ఇచ్చారు. "మీ అమ్మ గంత ప్రార్థన చేస్తుంటె నేను కాదంటె నన్ను ఎవరు మెచ్చుతరమ్మా" అన్నారు. హెడ్మిస్ట్రెస్ జూన్‌లో చేరమంది. అమ్మ ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. కోరింది అంతా జరిగింది. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెప్పాలని రోజూ అనుకున్నాను. వాళ్ళ దుకాణం ముందు నుంచే నడిచి పోయేదాన్ని. చెప్పకపోతే ఆమెకెప్పటికీ తెలియదు కదా అని కూడా అనుకున్నాను. నిజానికి ఇదే ఎక్కువసార్లు అనుకున్నాను.

చీరల దుకాణంలో నా ఆఖరి వారం, ఆమె అత్తగారితో వచ్చింది. ఆడబిడ్డ పెళ్ళికి చీరలు. అత్తగారు చెప్పులు విడుస్తుంటే, ఆమె ముందే వచ్చి నా ఎదురుగా కూర్చుని గుసగుసగా అంది. "పాసైనవటగద అక్కా! సారు సామాన్లకు వచ్చినప్పుడు చెప్పిండు. ఆ దినమంత నాకు మస్తు సంతోషం." కొంచెం లావయింది. కళ్ళు మాత్రం అలాగే వెలుగుతున్నాయి. నేను చీర విప్పాను.

అత్తగారు వచ్చి పరుపు మీద కూర్చుని, నా చెయ్యి తట్టి కోడలితో అంది. "ఈ పిల్ల మంచిది. ఆనాడు ఈమె చెప్పకుంటె, నువ్వు గుడి పేరు మీద ఎటు పోతున్నవో మాకెట్ల తెలుస్తుండె?"

ఆ అమ్మాయి చెయ్యి చీర అంచు మీద ఆగిపోయింది. నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను కాదంటానేమోనని చూసింది. ఒక్క మాట, అబద్ధమైనా సరే, నమ్మడానికి సిద్ధంగా చూసింది. ఇన్నేళ్ళూ అందరినీ అనుమానించిన నేను ఆ చూపు ముందు తల దించుకున్నాను.

ఆ అమ్మాయి చీర అంచు వదిలేసి, గల్లా దగ్గరున్న సేటు వైపు తిరిగి, "చీరలు చూపెట్టనీకి ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగింది.