అక్క జబ్బు నాకెందుకు రాలేదు

గవర్నర్‌పేటలో కింద బట్టల హోల్‌సేల్ దుకాణం, పైన మా ల్యాబ్. ఆటోల హారన్లకి మైక్రోస్కోపు బల్ల కూడా అదురుతోందని నేను విసుక్కుంటే అందరూ నవ్వుతారు. టీబీ రోగుల ఇళ్ళవాళ్ళ రక్తం పరీక్షించడం నా పని. రోగితో ఒకే గదిలో నెలల తరబడి ఉండి కూడా జబ్బు అంటనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో ఏముందో వెతుకుతున్నాం. నేనూ అలాంటిదాన్నేనని, మా అక్క టీబీతోనే పోయిందని చాలాకాలం అక్కడ ఎవరికీ చెప్పలేదు. నిజానికి నేను ఆ ఉద్యోగంలో చేరిందే ఒక్క సంగతి తెలుసుకోవడానికి. అక్క జబ్బు నాలోకి అసలు వచ్చిందా, లేదా?

మాది బందరు దారిలో నేతపనివాళ్ళ ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి నాన్నది, రెండోది అక్కది. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. బడి నుంచి రాగానే ఆమె పక్కనే రాట్నం ముందు కూర్చుని, నేతకి కావలసిన నూలు కండెలకి చుట్టేదాన్ని. చుట్టు కాస్త వదులైతే చాలు, "దీన్ని కండె అంటారటే, పిచిక గూడంటారా?" అనేది. నేను మూతి ముడుచుకుంటే కాలితో పొడిచి నవ్వించేది.

దగ్గు మొదలైతే నూలు దుమ్మువల్లే అనుకున్నాం. పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆ రోజే అమ్మ అక్క కంచం, గ్లాసు వేరు చేసింది. బట్టలు విడిగా ఉతికింది. ఇంత జాగ్రత్తపడ్డ మేము మగ్గాల గది కిటికీ మాత్రం తెరవలేదు. గాలి తగిలితే మగ్గం మీది పడుగు ఎండిపోయి పోగులు తెగుతాయి. నేతవాళ్ళింట పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఉక్కకి తాళలేక నేనొక రెక్క తీస్తే, "మూసెయ్యవే, పోగులు తెగుతున్నాయి" అని నాన్న కసిరేవాడు. కంచంతో అంటని జబ్బుకి కంచం వేరు చేసి, గాలితో అంటుకునే జబ్బుని గదిలో పెట్టి తలుపులేసుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే మా అందరి మీదా ఒళ్ళు మండుతుంది, నా మీద మరీను.

మాత్రలు మొదలుపెట్టిన మూడో నెలకి దగ్గు తగ్గింది. పెళ్ళిళ్ళ చీరలు చేతిలో ఉన్నాయి, మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని అక్క మానేసింది. తగ్గిందిగా అని మేమూ ఊరుకున్నాం. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి మందులకి లొంగలేదు.

అప్పటికి నేను ఇంటర్ బైపీసీ. నాలుగు ముక్కలు చదివిన తెలివికి భయం పట్టుకుంది. రాట్నం వసారాలోకి మార్చుకున్నాను. ఒకరోజు పొద్దున అక్క పిలిచింది.

"ఇలా రావే, కాస్త జడ వేసిపో. చేతులు పైకి లేవట్లేదు."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. "బస్సు టైమైంది. సాయంత్రం వేస్తాలే."

బస్సుకి ఇంకా అరగంట ఉంది. ఆ సంగతి అక్కకీ తెలుసు. సరేలే అంది. సాయంత్రం ఆమె అడగలేదు, నేను వెళ్ళలేదు. రెండు నెలలకి పోయింది.

ల్యాబ్‌లో మేం వెతికేవి జబ్బులతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం, సంప్రదాయేతర టి కణాలంటారు. పేరు పెట్టినవాళ్ళకి నోరు తిరిగేది ఇంకోటి దొరకలేదు కాబోలు. మామూలు టి కణాలకి శత్రువు ముక్కని ఎవరో తెచ్చి చూపించాలి. గుర్తుపట్టి బలగం పెంచుకునేసరికి వారాలు పడుతుంది. ఇవి అలా కాదు. చాలావరకు ముందే ఊపిరితిత్తుల్లో మకాం వేసి ఉంటాయి. క్రిమి విటమిన్ తయారుచేసుకుంటూ వదిలిన తుక్కునో, దాని పైపొరలోని కొవ్వునో చూసి వెంటనే కదులుతాయి. కొందరిలో క్రిమి పాదుకోకముందే ఇవి దాని పని పడతాయేమోనని మా అనుమానం. రుజువు కావలసింది ఇంకా చాలా ఉంది.

మొన్న వేసవిలో నేనూ రక్తం ఇచ్చాను. అప్పుడే మా ల్యాబ్ నడిపే మేడమ్ గారికి అక్క సంగతి చెప్పాను. టీబీ క్రిమి ఒక్కసారి లోపల చోటు చేసుకుంటే, మనిషి జబ్బు పడకపోయినా, మామూలు టి కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తుందో లేదో చూసే పరీక్ష నాకు పాజిటివ్ వస్తుందని నా నమ్మకం. నమ్మకం కాదు, ఆశ. టీబీ క్రిమి కోసం ఆశపడే పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ మూసిన గదిలో అక్క వదిలిన ఊపిరి కొంచెమైనా నాలో దాగి ఉందని ఆ కాగితం చెబితే చాలనుకున్నాను. అక్కది ఇంకేం మిగిలింది నాకు? ఆమె నేసిన చీరలన్నీ ఎవరెవరో కట్టుకున్నారు.

రిజల్టు మేడమ్ గారే తెచ్చారు. నెగటివ్.

"మనం వెతికే ఆ కణాలు మాత్రం నీకు బాగానే ఉన్నాయమ్మా. ఒక్క మనిషిని చూసి ఏమీ చెప్పలేం గానీ, బహుశా అవే కాపాడాయేమో. ఆ క్రిమిని నీ ఒంట్లో అడుగు పెట్టనివ్వలేదు. అదృష్టవంతురాలివి" అన్నారు.

పక్కవాళ్ళు మిఠాయి తెప్పించమని గొడవ చేశారు. తెప్పిస్తానండీ అని చెప్పి, చేతులు కడుక్కునే వంకతో సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. పిలిచినప్పుడు నేను అక్క దగ్గరికి వెళ్ళలేదు. తనంతట తాను నా దగ్గరికి వస్తే నా ఒళ్ళు రానివ్వలేదు.