ఎర్రబడని ఈస్ట్

నాకు నిలకడ తక్కువ. అనంతపురంలో పరిశోధన చేసే రోజుల్లో ఇంక్యుబేటర్ తలుపు ఊరికే తీసి చూసేదాన్ని. "ఏమ్మా, పొదుగుడు కోడి మాదిరి దాని చుట్టే తిరుగుతాండావు" అని మా గైడు మేడం విసుక్కునేవారు.

తిరగక ఏం చేయను? నేను పెంచేది ఈస్ట్. దాంట్లో ఒక జన్యువును, క్రోమోజోము బాగా బిగుసుకుపోయి ఉండే చోట పెట్టాం. ఆ బిగింపుకు జన్యువు నోరు మూసుకుంటే గాజు ప్లేట్లలో మచ్చలుగా పెరిగే ఈస్ట్ ఎర్రబడాలి. పనిచేస్తే తెల్లగా ఉండాలి. రెండేళ్ళుగా నా ప్లేట్లలో అన్నీ తెల్లవే! నెలాఖరులోగా ఎరుపు రాకపోతే ఈ పని వదిలేసి వేరే అంశం ఎత్తుకోవాలని మేడం తేల్చి చెప్పారు. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

మా ల్యాబులో ఒక అలవాటుండేది. ఈస్ట్‌కు మేతగా, కొనే పొడులకు బదులు నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కను ఉడకబెట్టి, వడగట్టిన రసం వాడేవాళ్ళం. అదంటే మేడంకు మహా గర్వం. కంబదూరు దగ్గర మా నాయన పండించిన కాయల చెక్కనే నేను మోసుకొచ్చేదాన్ని.

"పశువులు తినేది నీ పురుగులకు పెడతాండావా?" అని నాయన నవ్వేవాడు.

"పురుగులు కాదు నాయనా!" అని మండిపడేదాన్ని.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఉన్న చెక్క పశువులకే చాలలేదు. గతిలేక సీసాల్లోని పొడులు తూచి మేత కలిపాను. నాలుగైదు రోజులకు తలుపు తీస్తే, ఏముంది! ఎర్ర మచ్చలు. కొన్ని సగం ఎరుపు, సగం తెలుపు. జన్యువు మొదటినుంచీ నోరు మూసుకునే ఉంది. చెక్క రసంలో అడెనిన్ అనే పోషకం దండిగా ఉంటుంది, అది అందితే జన్యువు నోరు మూసుకున్నా ఈస్ట్ ఎర్రబడదు. మా మేతే మా కళ్ళు కప్పింది.

"అయ్యో, ఎంత పని చేసినామే!" అని మేడం తల పట్టుకుని, వెంటనే నవ్వేశారు. "పో, ఇంక ఈ పని నీదే."

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. ఊళ్ళో ఫోనున్న ఇంటివాళ్ళు నాయనను పిలిపించారు.

"నాయనా, ఎరుపు వచ్చింది! చెక్క లేకపోవడమే మంచిదైంది!" అని అరిచాను.



"మంచిదేలేమ్మా. నిన్న ఎండిపోయిన మన చేన్లోకి గొర్రెల్ని తోలించినా. ఇత్తనానికి గూడా కాయ ల్యాదు. పోనీ, నీదన్నా పండింది."

సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమ్మా, ఉండావా?" అంటూనే ఉన్నాడు నాయన.