పులస పులుసుకు పిలుపు

భీమవరంలో మా రొయ్యల మేత కంపెనీ ఏఐకి రెండు టూల్స్ ఉన్నాయి. ఒకటి నాకు మెసేజ్ పంపేది, రెండోది రైతులందరికీ పంపేది. వాటి వివరణలు ఏఐకి అర్థమయ్యేలా ఉన్నాయో లేదో చూసి మార్కులు వేయడం నా పని. రెండింటికీ ‘మెసేజ్ పంపుతుంది’ అనే రాసి ఉంది. తేడా నాకు తెలుసు కదా అని బద్ధకంగా పదికి పది వేసేశాను.

పరీక్ష కోసం, నాకే వస్తుందన్న ధీమాతో ఏఐతో, “ఆదివారం మా ఇంట్లో పులస పులుసు, భోజనానికి రండి అని పంపు” అన్నాను. మెసేజ్ నాకు రాలేదు. నెట్‌వర్క్ బాగాలేదనుకున్నాను.

ఆదివారం పదిమంది రైతులు గుమ్మంలో నిలబడ్డారు.

“పులసంటే ఆగలేకపోయామండి!”

“పులస ఏదండీ?” అంది మా ఆవిడ, పళ్లు బిగించి.

భోజనానికి వచ్చినవాళ్లను పొరపాటని ఎలా పంపను? కోడిగుడ్ల పులుసు వడ్డించాను.

నాకు తెలిసింది ఎదుటివారికీ తెలుసనుకోవడమే నా తప్పు. సోమవారం ఇంట్లోనే కూర్చుని ‘ఇది రైతులందరికీ వెళ్తుంది’ అని రెండో టూల్ వివరణ మార్చాను.

మా ఆవిడ చూసి, “వాళ్లు వస్తారు కూడానండి. అదీ రాయండి” అంది.