మొదటి రింగుకే ఎత్తే మనిషి

గురువారం ఉదయం ఆఫీసు కాల్‌లో ఉండగా చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా క్వయర్ టీచరు ప్రభువునందు నిద్రించారని. వెంటనే ఆవిడకే ఫోన్ చేయబోయాను. అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్లోని మా తెలుగు చర్చిలో ఏ కబురు వచ్చినా నిజమో కాదో తెలుసుకోవడానికి అందరం ఆవిడకే చేస్తాం మరి. మిగతావాళ్లు మీటింగుల్లో ఉంటారు, ఆవిడ మాత్రం మొదటి రింగుకే ఎత్తుతారు. పేరు మీద వేలు పెట్టాక గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

ఎత్తగానే "చెప్పండి, ఖాళీగానే ఉన్నాను" అనేవారు. చేతులకు పిండి అంటుకుని ఉన్నా, పొయ్యి మీద నూనె కాగుతున్నా అదే మాట. కారు వారంటీ అయిపోయిందని చెప్పే రికార్డింగ్ ఫోన్లు కూడా చివరిదాకా వినేవారు. "పెట్టేయండాంటీ" అంటే, "పాపం, ఎవరో ఒకరు ఎత్తుతారనేగా ఫోన్ చేసేది" అని నవ్వేవారు. ప్రాక్టీసులో మా ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టించి, తనది మాత్రం పాటల పుస్తకం పక్కనే పెట్టుకునేవారు. వెనక వరసలో మేం దాని మీద జోకులు వేసుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ ఒకప్పుడు పాప్ స్టార్. క్యాసెట్ల కాలంలో ఆటోల్లో, హాస్టళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో ఆవిడ గొంతే మోగేది. తర్వాత ఉన్నట్టుండి కనబడడం మానేశారు. అలాంటివాళ్ల జీవితచరిత్ర రాయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ప్రేమలో దెబ్బతిని పాట మానేసిందని ఒక వారపత్రిక రాసింది. అభిమాని ఒకాయన ఏకంగా పుస్తకమే వేశాడు. అందులో ఆవిడ మూడేళ్ల వయసుకే కచేరీ చేసేస్తుంది. "మూడేళ్లకి నాకు మాటలే సరిగ్గా రాలేదమ్మా" అని ఆవిడ పడీ పడీ నవ్వారు. ఈ మధ్య ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు ఆవిడ ఫొటో చుట్టూ ఎర్ర గీత గీసి, కుట్రకు బలైపోయిందని తేల్చారు. వీళ్లలో ఒక్కరైనా ఆవిడకి ఫోన్ చేయలేదు.

నేను అలా కాదు, ఇంటికే వెళ్లి అడిగాను. అడిగి, అందరికంటే అందమైన అబద్ధం రాశాను.

నాలుగేళ్ల కిందట చర్చి వార్షికోత్సవానికి సావనీర్ వేస్తూ ఆవిడ మీద వ్యాసం నాకు అప్పజెప్పారు. క్రిస్మస్ ముందు శనివారం. ఆవిడ గులాబీ పువ్వుల అచ్చు పిండిలో ముంచుతూ, నూనెలో విదిలిస్తూ, నేనడిగినవాటికి తాపీగా జవాబులు చెప్పారు.

"మొదటి క్యాసెట్ బాగా అమ్ముడుపోయిందమ్మా. రెండోది కదల్లేదు. అంతే, ఇంకెవరూ పిలవలేదు. హైదరాబాద్‌లో ఒక గదిలో ఫోన్ పక్కన కూర్చున్నాను, మూడేళ్లు. స్నానానికి వెళ్తే పక్కింటావిడని కూర్చోబెట్టి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆవిడ కూరగాయలకి వెళ్లింది. ఆ పావుగంటలోనే ఎవరో చేసుంటారని ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత పెళ్లి, అమెరికా, ఇక్కడ ఫార్మసీ కౌంటర్లో ఉద్యోగం."

ఇంత చక్కగా చెబితే నేను రాసిందేమిటి? "కీర్తి శిఖరాన ఉండగానే లోకపు చప్పట్లను కాలదన్ని, ప్రభువు పాదాల చెంత చేరిన త్యాగమూర్తి." రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఎవరూ పిలవలేదని రాస్తే ఆవిడని చిన్నబుచ్చినట్టవుతుందనుకున్నాను.

సావనీర్ చదివి ఆవిడ ప్రాక్టీసయ్యాక నన్ను పార్కింగ్ లాట్‌లో ఆపారు.

"నేను వదిలేశానని రాశావేంటమ్మా?"

"బాగుంటుందని ఆంటీ..."

"ఎవరికి బాగుంటుంది? కాలదన్నేంత చులకనా నాకు పాటంటే? నేను వదల్లేదు. ఎవరైనా పిలుస్తారని ఎదురుచూశాను. వచ్చేసారి ఆ ఒక్క లైను మార్చు."

కోపం కాదు. ఆవిడ కోపం నాకు తెలుసు, ఫ్లాస్కు మూతతో బల్ల మీద టకటకా కొట్టేవారు. ఆ రోజు గొంతు బాగా తగ్గింది. "దుఃఖం వచ్చినచోట గొంతు పెంచకండి, అది పాటలోనే ఉంది" అని మాకు ఎన్నిసార్లు చెప్పారో. నేను "తప్పకుండా ఆంటీ" అన్నాను. ఆ తర్వాత రెండు సావనీర్లు వచ్చాయి. ఒకసారి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి కుదరలేదు, ఒకసారి మర్చిపోయాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

శనివారం జ్ఞాపకార్థ కూడిక. కార్లన్నిటి మీదా పుప్పొడి పసుపు పచ్చగా పేరుకుని ఉంది. పాస్టరుగారు నా సావనీరే తెరిచి, "మన సిస్టర్ ఎంత చక్కగా రాశారో చూడండి" అంటూ ఆ వాక్యం చదివారు. హాలంతా ఆమెన్ అంది. ముందు వరసలో ఆవిడ భర్త, మేం అంకుల్ అని పిలిచే పెద్దాయన, తల వంచుకుని ఉన్నారు.

సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. "ఆ వాక్యం నాది. అది అబద్ధం" అన్నాను. ఆ గది, ఆ ఫోను, కూరగాయలకి వెళ్లిన పక్కింటావిడ, అన్నీ ఆవిడ చెప్పినట్టే చెప్పాను. "టీచరుగారు పాటను ఎప్పుడూ వదల్లేదు. వాళ్లే పిలవలేదు. మార్చమని నన్నడిగారు, నేను మార్చలేదు. క్షమించండి ఆంటీ." ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. ఒకరిద్దరికి నచ్చలేదని మొహాల్లోనే తెలిసింది.

తర్వాత వాళ్లింట్లో కాఫీలిస్తుంటే అంకుల్ నన్ను వంటగదిలోకి పిలిచారు.

"పెళ్లయిన కొత్తలో ఫోన్ మోగితే చాలు, పరిగెత్తేదమ్మా. ఆ వారపత్రికలో ప్రేమ సంగతి రాసింది చదివున్నాను కదా, వాడెవడో చేస్తాడని చూస్తోందేమో అనుకున్నా. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు."

"ఎన్నాళ్లు అంకుల్?"

"ఇందాక నువ్వు చెప్పేదాకా."

నాలుగేళ్ల కిందట నేను ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఆయన ఆవిడ బతికుండగానే చదివేవారు. ఒక్క లైను.

అప్పుడు కౌంటరు మీద ఆవిడ ఫోన్ మోగింది. హాల్లో మాటలన్నీ ఆగిపోయాయి. మోకాళ్ల నొప్పులతో సోఫాలోంచి లేవడానికే ఇద్దరి సాయం కావలసిన అంకుల్, రెండో రింగు రాకుండా అందుకున్నారు.

"చెప్పండి" అన్నారు. కాసేపు ఆగి, "ఖాళీగానే ఉన్నాను."

అవతల కారు వారంటీ రికార్డింగు. నాకూ వినిపిస్తూనే ఉంది. ఆయన కౌంటరు అంచు పట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని, అది చెప్పేదంతా చెప్పేదాకా అలాగే నిలబడ్డారు.