బావమరిది ఉన్న వైపు

జాబెజ్ హోల్‌కూంబ్ ఇరవై రెండేళ్ళ వయసులో ఒక గొడ్డలి, ఒక జత ఎడ్లు, ఆరో నెల గర్భిణి అయిన భార్య కెటూరాతో కనెక్టికట్ నుంచి ఈ కొండల్లోకి వచ్చాడు. వెంట కెటూరా తమ్ముడు సైలస్ కూడా వచ్చాడు. మొదటి చలికాలం ముగ్గురూ ఒకే దుంగల గుడిసెలో గడిపారు. బావ చెట్టు పడగొడితే బావమరిది కొమ్మలు నరికేవాడు. పదకొండేళ్ళు తిరిగేసరికి జాబెజ్‌కు ముప్పై ఎకరాల సాగు, నలుగురు పిల్లలు, పెరటి వెనక రెండు చిన్న సమాధులు మిగిలాయి. వాగుకు అవతల సైలస్ పొలం.

ఊరి కాపలాకు రైతులే కట్టుకున్న దళంలో జాబెజ్ పేరు మొదటినుంచీ ఉంది. ఏడాదికి నాలుగు రోజులు పచ్చికబయల్లో కవాతు. మిగతా రోజుల్లో తుపాకీ పొయ్యి పైన గోడకు వేలాడుతూ ఉండేది. సముద్రం అవతలి రాజు మీద వలస రాష్ట్రాల తిరుగుబాటు మొదలయ్యాక కూడా, ఆ గొడవ తన గుమ్మం దాకా రాదనే అనుకున్నాడు. అది నేరుగా భోజనాల బల్ల దగ్గరికే వచ్చింది.

"రాజుకి మాటిచ్చినోళ్ళం. ఇప్పుడెట్లా తప్పుతాను బావా?" అన్నాడు సైలస్, ఆ వసంతంలో.

"ఆ రాజుకి నీ పేరైనా తెలుసా?"

"మీ తిరుగుబాటు కాంగ్రెసోళ్ళకి నీ పేరు తెలిసేడిసిందా?"

కెటూరాకు నవ్వు వచ్చింది. మగవాళ్ళిద్దరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. వారం తిరక్కుండా సైలస్ ఉత్తరాన రాజు సైన్యంలో కలిశాడని తెలిసింది.

ఆగస్టులో, గోధుమ సగం కోసి ఉండగా, దళానికి పిలుపొచ్చింది. రాజు సైన్యం బెన్నింగ్టన్ ఊరి వైపు వస్తోంది. జాబెజ్ కొడవలి పక్కన పెట్టి తుపాకీ దించాడు. కెటూరా సంచిలో మొక్కజొన్న రొట్టె, పంది మాంసం కట్టింది. ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది.

"ఏమయ్యా, వాడు ఎదురుపడితే?"

"అంత మందిలో వాడే ఎదురుపడతాడా?"

"పడితే?"

అతడు సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆ ప్రశ్న అతడితోనే నడిచింది. యుద్ధానికి ముందు రోజంతా వాన కురిసి తుపాకీ మందు తడిసిపోతుందేమోనని అందరూ బెంగపడుతుంటే, తడిస్తే బాగుండునని అతడొక్కడే లోలోపల కోరుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి యుద్ధం మొదలైంది. జాబెజ్ వాళ్ళ దళానికి పట్టుకోమని అప్పగించింది దుంగలు పేర్చి కట్టిన ఒక అడ్డుగోడ. దాని వెనక ఉన్నది రాజు జీతానికి తెచ్చుకున్న విదేశీ సైనికులు కాదు. రాజు పక్షమన్న గుర్తుగా టోపీల్లో తెల్ల కాగితం గుచ్చుకున్న చుట్టుపక్కల రైతులే. పొగలో ఎవరో ఎవరినో పేరు పెట్టి తిట్టడం వినిపించింది.

దుంగల సందులోంచి ఒక మనిషి లేచాడు. తుపాకీ నింపుతూ ఎడమ భుజం పైకెత్తాడు. సైలస్ కూడా అలాగే ఎత్తుతాడు. చిన్నప్పుడు గుర్రం మీంచి పడ్డ భుజం అది. జాబెజ్ వేలు అప్పటికే బిగిసింది. చప్పుడు. ఆ మనిషి కనబడలేదు.

ఆ తర్వాత గోడ ఎలా దాటాడో అతడికి గుర్తులేదు. కాల్పులు ఆగాక గడ్డిలో పడి ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ తిప్పి చూశాడు. ఇతను కాడు. ఇతనూ కాడు.

బందీలను ఇద్దరిద్దరినీ తాళ్ళతో కట్టి బెన్నింగ్టన్ ప్రార్థనామందిరంలో పెట్టారు. మర్నాడు పొద్దున జాబెజ్ కాపలావాళ్ళను బతిమాలి లోపలికి వెళ్ళాడు. మూడో వరసలో, కుడిచేతికి నెత్తుటి గుడ్డ చుట్టుకుని సైలస్ కూర్చుని ఉన్నాడు.

జాబెజ్ వెళ్ళి అతడి పక్కన కూర్చున్నాడు.

"అక్క బాగుందా?" అన్నాడు సైలస్.

"బాగుంది. చెయ్యి ఏమైందిరా?"

"రెండు వేళ్ళు పోయాయి." గుడ్డ సర్దుకుంటూ అడిగాడు. "నువ్వేనా బావా?"

"తెలీదురా. నేనూ కాల్చాను. ఎవరో పడ్డారు."

"నువ్వు కాకపోతే ఇంకో రైతు. పోనీలే." అంటూనే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

జాబెజ్ ఇంటికొచ్చేసరికి కెటూరా పొలంలో ఒంటరిగా కోత కోస్తోంది. అతణ్ణి చూసి పరుగెత్తలేదు. నోరు తెరిచి ఏం చెబుతాడోనన్న భయంతో ఉన్నచోటే నిలబడిపోయింది.

"బతికే ఉన్నాడు," అన్నాడు దూరం నుంచే అరిచి.

దగ్గరికొచ్చాక వేళ్ళ సంగతి చెప్పాడు, తన తుపాకీ సంగతీ చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ వారమంతా అతడితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున, "ఆ గోధుమ తడవకముందే లోపలికి చేర్చు," అంది.

రాజు వైపు నిలిచినందుకు సైలస్ పొలాన్ని కొత్త ప్రభుత్వం లాక్కుంది. తీసుకోమని జాబెజ్‌ను అడిగితే వద్దన్నాడు. ఎవరో కొత్తవాళ్ళు వచ్చారు. సైలస్ విడుదలై కెనడా చేరి అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. కెటూరా తమ్ముణ్ణి మళ్ళీ చూడలేదు. జాబెజ్ దళంలో ఇంకో ఐదేళ్ళున్నాడు, పిలిచిన ప్రతిసారీ వెళ్ళాడు, డెబ్భై రెండేళ్ళు బతికాడు. కెనడా నుంచి ఏడాదికొక ఉత్తరం వచ్చేది, ఎడమచేతి వంకర రాతతో. కెటూరా చదివి వినిపించేది. "బావని అడిగానని చెప్పు" అన్న ముక్క దాంట్లో ఉందా లేదా అని, చివరిదాకా అతడు ఊపిరి బిగబట్టి వినేవాడు. కొన్నేళ్ళు ఉండేది. కొన్నేళ్ళు ఉండేది కాదు.